పగటి నిద్రకు ఒక గది

ఆ ఇంటి గేటుకు చిన్న ఫ్లెక్సీ ముక్క కట్టి ఉంది. "ఉద్యోగం చేసే మహిళలకు గది అద్దెకివ్వబడును. ప్రొఫెషనల్స్ మాత్రమే." కింద ఫోన్ నంబరు. ఎండకు సగం అంకెలు వెలిసిపోయాయి కాబట్టి ఫోన్ చేయకుండా నేరుగా గేటు తీసుకుని లోపలికి పోయాను. ఆ వారంలో అది నేను చూసిన పన్నెండో ఇల్లు.

నా పేరు చౌడేశ్వరి. ఆర్టీసీలో కండక్టరును. పదమూడేళ్ల సర్వీసు. రాయదుర్గం డిపో నుంచి అనంతపురానికి బదిలీ చేసి నాలుగు నెలలైంది. మాది గుమ్మఘట్ట పక్కన చిన్న పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. అక్కడ మా అన్న, వదిన, వాళ్ల ముగ్గురు పిల్లలు, ఒక టీవీ ఉంటారు. పెళ్లి జరిగింది, అయిపోయింది, దాని గురించి ఇంతకు మించి చెప్పను.

నాకు గది కావాల్సింది పగలు నిద్రపోవడానికి. ఈ మాట చెబితే ఇళ్లవాళ్లు నన్ను అదోలా చూసేవాళ్లు. నా డ్యూటీ అలాంటిది మరి. ఒకరోజు తెల్లవారుజాము నాలుగున్నరకు మొదటి బస్సు. ఇంకోరోజు నైటవుట్. అంటే సాయంత్రం బస్సుతో పోయి, ఏదో ఊళ్లో బస్సులోనే నడుం వాల్చి, పొద్దున అదే బస్సుతో తిరిగి రావాలి. దిగేసరికి మధ్యాహ్నం. అప్పుడు పడుకోవాలి. డిపోలో ఆడవాళ్ల విశ్రాంతి గది అని ఒకటుంది. అందులో మంచాలు నాలుగు, మనుషులు తొమ్మిదిమంది, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను, ప్రతి ఫోనులో ఒక సీరియలు. నాలుగు నెలలుగా నేను నిద్రపోలేదు, మధ్యమధ్యలో కళ్లు మూసుకున్నానంతే.

లేడీస్ హాస్టళ్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. గేటు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తీస్తారు. మొదటి బస్సు నా కోసం ఆరుదాకా ఆగదు. ఇక విడి ఇళ్లు చూడబోతే, "కండక్టరా? వేళాపాళా లేకుండా వచ్చిపోతావు, పక్కింటోళ్లు ఏమనుకుంటారు?" అని ఒకాయన. "మొగుడు యాడున్నాడమ్మా?" అని ఇంకొకామె. మూడో ఇంట్లో ఊరు అడిగారు, ఇంటిపేరు అడిగారు, ఊళ్లో ఇల్లు ఏ వీధిలో అని అడిగారు, అన్నీ విని గది నిన్ననే ఇచ్చేశామన్నారు. అక్కడే వాకిట్లో అద్దెకు అన్న బోర్డు నన్ను చూసి నవ్వుతూ ఉంది.

పన్నెండో ఇంటి హాల్లో, కుర్చీలో, ఇంటి యజమానురాలు కూర్చుని ఉంది. వెంకటలక్ష్మమ్మ. అరవైకి దగ్గరపడిన మనిషి, మెడలో గుండ్లదండ, చేతినిండా గాజులు. తాడిపత్రి దారిలో వాళ్లకు ఊరుంది, ఊరి చుట్టూ చీనీ తోటలున్నాయి, బత్తాయినే మా పక్క చీనీ అంటారు. భర్త తిమ్మప్ప గురించి జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆయన అందులో ఉంటాడు. ఈ టౌను ఇల్లు మాత్రం ఆమె పుట్టింటివాళ్లు ఆమెకిచ్చింది. మూడు పడగ్గదులు, ఒక హాలు, ఒక వంటిల్లు. రెండు గదుల్లో ఇద్దరు అమ్మాయిలున్నారు. బ్యాంకులో పనిచేసే పద్మప్రియ, ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే ఆశ్రిత. ఆరోజు ఆదివారం కాబట్టి ఇద్దరూ ఉన్నారు. ముగ్గురూ కలిసి నన్ను చూస్తుంటే పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టే ఉంది.

"ఏం పని చేస్తాండావమ్మే?" అంది వెంకటలక్ష్మమ్మ, నా ఖాకీ కోటు చూస్తూనే.

"కండక్టరునమ్మా."

"బయట రాసింది సదువుకోలేదా? ప్రొఫెషనల్స్‌కు మాత్రమే అని పెట్టినాం."

నాకు ఒళ్లు మండింది. పొద్దున నాలుగింటికి లేచిన ఒళ్లు, మండటానికి ఎక్కువసేపు పట్టదు. "నెలకొకసారి జీతం, దినామూ నెత్తిన ఒక ఆఫీసరు, ఎప్పుడూ పోని నడుం నొప్పి. ఈ మూడూ నాకుండాయి. ఇంగా ఏం తక్కువమ్మా ప్రొఫెషనల్‌కు?" అన్నాను.

పద్మప్రియ పక్కున నవ్వింది. వెంకటలక్ష్మమ్మ నవ్వలేదు కానీ నన్ను కొంచెం శ్రద్ధగా చూసింది. "నోరుండాదే నీకు," అంది. "సరే, పది దినాలు ఉండు. ఈ పిల్లోళ్లకు సరిపడితే, నాకు సరిపడితే, ఉండిపో. లేదంటే పెట్టె తీస్కోని పో. మళ్లా నాతో వాదం పెట్టుకోగూడదు."

ఆరోజు సాయంత్రమే పెట్టె తెచ్చుకున్నాను. ఇంటి వెనకవైపు గది. ఒక కిటికీ, దానికి దట్టమైన కర్టెను, ఒక మంచం, తిరిగే ఫ్యాను, తలుపుకు లోపలివైపు గొళ్లెం. గొళ్లెం పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. ముప్పై ఆరేళ్ల జీవితంలో నేనొక్కదాన్నే లోపల ఉండి గొళ్లెం పెట్టుకున్న గది అదే మొదటిది. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఓపిక లేక పడుకున్నాను.

పది రోజులూ జాగ్రత్తగా ఉండాలనుకున్నాను. అలవాట్లు ఊరుకుంటే కదా. బాత్రూం దగ్గర ఆశ్రిత నాకంటే ముందు దూరబోతుంటే "హోల్డాన్!" అని అరిచాను. పాపం ఆ పిల్ల నిజంగానే ఆగిపోయింది. వంటింట్లో ముగ్గురం ఇరుక్కుంటే "లోపలికి జరగండమ్మా, లోపల ఖాళీ ఉంది," అన్నాను. ఆశ్రిత పొద్దస్తమానం హాల్లో కంప్యూటరు ముందు కూర్చుని, నా స్క్రీన్ కనిపిస్తోందా, నా స్క్రీన్ కనిపిస్తోందా అని ఎవరెవరినో అడుగుతూ ఉంటుంది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను నిద్రలోనే "ఫుట్‌బోర్డు మీద ఎవరప్పా, పైకి రా!" అని గట్టిగా కేకేశానట. బెంగళూరులో వాళ్ల మేనేజరు ఉలిక్కిపడ్డాడట. ఆ సాయంత్రం క్షమించమని అడిగితే ఆ పిల్ల నవ్వి, "పర్వాలేదక్కా, ఆ తర్వాత మీటింగు తొందరగా అయిపోయింది," అంది.

వెంకటలక్ష్మమ్మ రెండు రోజులకొకసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేది. ఒకరోజు సంచెడు చీనీకాయలు, ఒకరోజు ఉడకబెట్టిన శనక్కాయలు, ఇంకోరోజు సద్దరొట్టెలు. మేం తింటుంటే చూస్తూ కూర్చునేది. కానీ మా చేతి కాఫీ కూడా తాగేది కాదు. పద్మప్రియకు ప్రమోషన్ వచ్చి స్వీట్లు పెడితే ముట్టుకోలేదు. "నాకొద్దు పాపా. బాడుగకుండేవోళ్ల కాడ నేనేమీ తీస్కోను. మా అమ్మ నేర్పింది నాకు. ఇచ్చే చెయ్యి ఇస్తానే ఉండల్ల," అంది. అది గర్వమే. కానీ ఆ గర్వం వల్ల మా కడుపులు నిండుతున్నాయి కాబట్టి మాకేమీ అభ్యంతరం లేకపోయింది.

ఎనిమిదో రోజు నాకు తాడిపత్రి పల్లెవెలుగు బస్సు పడింది.

ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి నా పని ఏమిటో చెప్పాలి. ఉచితమైనా టికెట్టు కొట్టాలి. జీరో టికెట్టు. కొట్టే ముందు కార్డు చూడాలి, ఈ రాష్ట్రం అడ్రసు ఉందో లేదో చూడాలి. యాభైమంది పట్టే బస్సులో తొంభైమంది, అందులో డెబ్బైమంది ఆడవాళ్లు. ఒక్కొక్కరు రవికలోంచి, కొంగుముడిలోంచి, చంటిబిడ్డ పక్కబట్టల్లోంచి కార్డు తీసేవరకు నేను రాడ్డు పట్టుకుని వేలాడుతూ ఉండాలి. రోజుకు మూడువందల ఆధార్ ఫొటోలు చూస్తాను. ఆ ఫొటోలో బాగున్న మనిషిని ఇంతవరకు చూడలేదు. వాళ్లు బస్సెక్కి ఆస్పత్రికి, పుట్టింటికి, గుడికి పోతున్నారంటే నాకూ సంతోషమే. సంతోషపడటానికి కూడా కొంచెం నిద్ర ఉండాలి, అదే లేదు.

తాడిపత్రి నుంచి తిరిగి వస్తుంటే దారిలో ఒక స్టేజీ దగ్గర ఏడెనిమిదిమంది ఆడవాళ్లు చెయ్యెత్తారు. ముందు ఎక్కింది వెంకటలక్ష్మమ్మ. పట్టుచీర కట్టుకుంది. వెనకాల వాళ్ల తోటలో కూలికొచ్చే ఆడవాళ్లు. అనంతపురంలో తిమ్మప్ప ఏదో మహిళా సభ పెట్టించాడట. కారు ఆయన తీసుకుపోయాడు. జనాన్ని తెచ్చే పని భార్యకు అప్పజెప్పాడు. ఇదివరకైతే ట్రాక్టర్లు పెట్టేవాళ్లు, ఇప్పుడు నా బస్సుంది.

"ఏమ్మే చౌడేశ్వరీ! నీ బస్సేనా ఇది?" నన్ను చూసి ఆమె ముఖం వెలిగింది. వెనక్కి తిరిగి తన మనుషులతో, "మా టౌనింట్లో బాడుగకుంటాది ఈ పాప," అని చెప్పింది. ఎవరో లేచి ఆమెకు సీటిచ్చారు. నేను ఆమెకు ఒక నమస్కారం పెట్టి టికెట్లు మొదలుపెట్టాను.

ఆ గుంపులో మారెక్క అని ఒక పెద్దామె ఉంది. ప్లాస్టిక్ కవరులో మడిచిన కార్డు తీసి ఇచ్చింది. జీరో టికెట్టు కొట్టి ఇచ్చాను. తర్వాత ఇంకొకామె. తర్వాత ఇంకొకామె. అందరికీ అయ్యాక వెంకటలక్ష్మమ్మ తన పర్సులోంచి కార్డు తీసింది. అప్పటిదాకా ఆమె ఉచిత బస్సెక్కలేదట. "ఇంతకాలం అందురూ చెప్తాంటే వినడమే. ఈ పొద్దు నేనూ గవర్మెంటు సొమ్ము తింటా," అని నవ్వుతూ అందించింది.

కార్డు మీద కన్నడ అక్షరాలున్నాయి. వెనక్కి తిప్పి చూశాను. బళ్లారి అడ్రసు.

తర్వాత తెలిసింది. రెండేళ్ల కిందట తిమ్మప్ప బళ్లారిలో ఆమె పేరు మీద ఏదో స్థలం కొని, ఆ పనిలో కార్డు అడ్రసు కూడా అక్కడికి మార్పించాడు. సంతకం పెట్టమన్న చోట పెట్టింది, వేలు పెట్టమన్న చోట పెట్టింది. దేనికని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. మా సరిహద్దు ఊళ్లలో కార్డు ఆ పక్క, మనిషి ఈ పక్క ఉండటం కొత్తేమీ కాదు. కానీ ఆ కార్డుకు జీరో టికెట్టు కొట్టడానికి లేదు. దారిలో చెకింగ్ వాళ్లు ఎక్కితే పోయేది నా ఉద్యోగం.

"అమ్మా, వేరే కార్డు ఏదన్నా ఉందా? ఓటరు కార్డుగానీ?" అని మెల్లగా అడిగాను.

"ఎందుకు? దీంట్లో ఉండేది నేను కాదా?"

"మీరేనమ్మా. అడ్రసు బళ్లారిది ఉండాది. కర్ణాటక కార్డు చెల్లదు, టికెట్టు తీసుకోవల్ల."

ఎంత మెల్లగా అన్నా పల్లెవెలుగులో రహస్యం అనేది ఉండదు. ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు. వెంకటలక్ష్మమ్మ గొంతు పెంచింది. "నేను కర్ణాటకదాన్నా? ఈ రోడ్డుకు రెండు పక్కలా చీనీ తోటలు ఎవురివో అడుగు. మారెక్కా, చెప్పే, నేను ఈ ఊరుదాన్నవునా కాదా?"

"మీరు కాకపోతే ఇంగెవురమ్మా?" అంది మారెక్క. అని, తన చేతిలో ఉన్న జీరో టికెట్టును ఎందుకో కొంగులో దాచుకుంది.

అప్పుడు వెంకటలక్ష్మమ్మ ముఖం చూశాను. కోపం కాదు అది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి, చేతిలోని పర్సు తెరుస్తోంది, మూస్తోంది. తన పొలంలో కలుపు తీసే ఏడుగురూ ఈ జిల్లావాళ్లు, తనొక్కతే కాదు. పర్సులో డబ్బుంది, నలభై రూపాయలు ఆమెకొక లెక్క కాదు. కానీ ఆ నలభై తీసి ఇస్తే అందరి ముందూ ఒప్పుకున్నట్టే. మొగుడు పెట్టమన్నచోట సంతకం పెట్టిన పాపానికి ఆమె అలా కూర్చుని ఉంటే నాకు జాలేసింది. మా నాయన వేయమన్న చోటల్లా వేలిముద్ర వేసి బతికిన మా అమ్మ గుర్తొచ్చింది. ఆ క్షణంలో నాకు రూము గుర్తు రాలేదు. ఎవరి మీద ఒట్టు వేయమన్నా వేస్తాను, గుర్తు రాలేదు.

"సరేలేమ్మా, తెలిసినోళ్లు మీరు, ఏం కాదు," అన్నాను. మెషిన్‌లో నలభై రూపాయల టికెట్టు కొట్టి, మడిచి ఆమె చేతిలో పెట్టాను. కొంచెం ముందుకు పోయి, నా చిన్న పర్సులోంచి నలభై తీసి క్యాష్ బ్యాగులో వేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

పదమూడేళ్లు కండక్టరుగా చేసి కూడా నేను మరిచిపోయిన సంగతేమిటంటే, ఊరికే వచ్చిన టికెట్టును జనం పారేయరు. పైసా పెట్టి కొన్నదైతే నలిపి కింద వేస్తారు, ఊరికే వచ్చినదాన్ని ఇంటికి తీసుకుపోయి చూపిస్తారు. మూడు మైళ్లు పోయేసరికి ఆడవాళ్లందరూ టికెట్లు తీసి ఒకరివొకరు చూసుకుంటున్నారు. మారెక్కకు చదువు రాదు, అంకెలు తెలుసు. వెంకటలక్ష్మమ్మ ఒళ్లో ఉన్న టికెట్టు మీదికి వంగి చూసింది.

"అమ్మా, మా టికెట్టులో ఉత్త సున్నానే ఉండాది. నీదాంట్లో సున్నా ముందర నాలుగుండాదే!"

బస్సు మొత్తం విన్నది. వెనక సీట్లోంచి ఒక మగమనిషి, "అయితే దుడ్లెవురు కట్టిరి? కండక్టరమ్మే కట్టిండాది చూడు. తిమ్మప్ప పెండ్లానికి!" అన్నాడు. నవ్వు ముందు సీటు దాకా పాకింది. కూలికొచ్చిన ఆడవాళ్లు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెంకటలక్ష్మమ్మ నా వైపు చూడలేదు. అనంతపురం వచ్చేదాకా ఆ టికెట్టును రెండు వేళ్లతో పట్టుకుని కూర్చుంది. బస్టాండులో దిగి, వెనక్కి చూడకుండా పోయింది.

ఆరోజు దిగి ఇంటికి పోదామనుకుంటే డిపోలో ఇంకో కండక్టరుకు జ్వరమని నన్నే కదిరి నైటవుట్‌కు ఎక్కించారు. కుదరదు అంటే మెమో, సరే అంటే మంచి మనిషి. నేను చాలా ఏళ్లుగా మంచి మనిషిని. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు డిపోలో దిగేసరికి, ముందురోజు తెల్లవారుజామున లేచిన నా కాళ్లు నావి కాకుండా పోయాయి. ఫోన్‌లో ఆశ్రిత మెసేజీ ఉంది. "అక్కా, ఆంటీ పొద్దున పదింటి నుంచి హాల్లో కూర్చున్నారు. నీ కోసమే. ఏమైందక్కా?"

ఎండలో నడుచుకుంటూ పోయాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ పోవాలి, నేనేమో పరుపు గురించి అనుకుంటూ పోయాను.

హాల్లోకి అడుగుపెడితే మొదట కనిపించింది నా పెట్టె. మూసి, పక్కనే చుట్టిన దుప్పటి పెట్టి ఉంది. నా గది తలుపు తెరిచి ఉంది. కుర్చీలో వెంకటలక్ష్మమ్మ, ఆమె ముందు బల్ల మీద రెండు ఇరవై రూపాయల నోట్లు. ఆశ్రిత మూలన కంప్యూటరు ముందు ఉంది కానీ మొదటిసారి ఎవరినీ ఏమీ అడగడం లేదు.

"తీస్కో," అంది వెంకటలక్ష్మమ్మ.

నేను భుజం మీది బ్యాగు దించి నిలబడ్డాను.

"నీ నలభై రూపాయలు తీస్కోని, నీ పెట్టె తీస్కోని, ఇప్పుడే పో. నా పెండ్లయ్యి ముప్పై ఎనిమిదేండ్లు. ఇంతవరకూ ఎవురి కాడా చెయ్యి సాపలేదు నేను. మా తోటలో కూలికొచ్చే మారెక్క ముందర నాకు దానం చేస్తివి కదే నువ్వు! నిన్న సాయంత్రానికే ఊరంతా తెలిసిపాయ. మా ఇంటాయన నన్ను నిలబెట్టి అడిగినాడు, నలభై రూపాయలకు గతి లేదా నీకు అని. ఆయన ముఖం చూడలేక ఈడికొచ్చి కుచ్చున్నా." నోట్లను బల్ల మీద నా వైపు తోసింది. "నేనేం అన్యాయం చేసినా నీకు? రూమిస్తి, కాయలిస్తి. ఇదా నువ్వు చేసేది?"

చెప్పడానికి నా దగ్గర నిజం ఉంది. అమ్మా, మీ ముఖం చూస్తే నాకు జాలేసింది, మా అమ్మ గుర్తొచ్చింది, అందుకే కట్టాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చాక అర్థమైంది, అది అంటే ఆమెను ఇంకోసారి అందరి ముందు నిలబెట్టినట్టే అవుతుందని. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల తనను చూసి జాలిపడిందని తెలిశాక ఆమె నన్ను ఈ ఇంట్లో ఒక్క నిమిషం ఉండనివ్వదు. ఆమె భుజం మీదుగా తెరిచి ఉన్న తలుపులోంచి నా మంచం కనిపిస్తోంది. కర్టెను వేసే ఉంది. లోపల చల్లగా, చీకటిగా ఉంది. ఇక్కడినుంచి పెట్టె మోసుకుని మళ్లీ డిపోకు పోయి, తొమ్మిదిమంది మధ్య బెంచీ మీద కూర్చోవాలి. పదమూడో ఇంటి గేటు తీయాలి. మీ మొగుడు యాడున్నాడమ్మా అంటే జవాబు చెప్పాలి. నా వల్ల కాదు అనుకున్నాను.

"దానమని ఎవురు చెప్పినారమ్మా మీకు?" అన్నాను. "దానం చేసేంత నాకు యాడిది? అది లంచం."

"ఏంది?"

"లంచమమ్మా. పది దినాలు చూసి చెప్తానంటిరి. ఎనిమిదో దినం మీరు నా బస్సెక్కినారు. కార్డు చెల్లదంటే మీకు కోపమొస్తాది, రూము లేదు పొమ్మంటారు అని భయపడినా. నలభై రూపాయలు పెట్టి మిమ్మల్ని మంచి చేసుకుందామనుకున్నా. పెద్దోళ్ల కాడ పని కావల్లంటే ఇచ్చుకుంటారు కదా, అట్ల ఇచ్చుకున్నా. తప్పయిపోయింది."

ఆశ్రిత కుర్చీ తిప్పి నన్ను చూసింది. నేను తల వంచుకున్నాను.

వెంకటలక్ష్మమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి. లంచం సంగతి ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? వాళ్ల ఊరింటి వసారాలో ప్రతి పొద్దునా జనం నిలబడి ఉంటారు. నెయ్యి డబ్బాలతో, కోళ్లతో, కవర్లతో. ఇచ్చేవాడు చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడతాడు. తీసుకునేవాళ్లు కుర్చీలో కూర్చుంటారు. ఆమె ముప్పై ఎనిమిదేళ్లుగా కుర్చీ పక్కనే ఉంది.

"లంచమా!" అంది. ఒక పక్క పెదవి కదిలింది, తర్వాత రెండోది. "నలభై రూపాయలా! మ్మే, మా ఇంట్లో ఇంత కక్కుర్తి లంచం ఇంతవరకూ ఎవురూ తేలేదే!"

అని నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వుతూనే ఫోన్ తీసి ఎవరికో కలిపింది. "ఏమప్పా, మారెక్క ఉండాదా ఆడ? పిలువు. మారెక్కా, విన్నావా? ఆ కండక్టరు ఉండాదే, నా కాడ రూము కోసరం లంచమిచ్చిండాది నాకు! ఆ, లంచం. ఈడే నా ముందర నిలబడి ఒప్పుకుంది. అందురికీ చెప్పు. మీ అయ్యగారికీ చెప్పు."

తాడిపత్రి దారిలో ఇక నా పేరు లంచం కండక్టరు. టికెట్టుకు వంగినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. అననీ.

ఆమె ఫోన్ పెట్టేసి, బల్ల మీది నోట్లు రెండూ తీసి, మడిచి పర్సులో వేసుకుంది. తీసుకోవాల్సిందే కదా, లంచం కాబట్టి. లేచి నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది. "పది దినాలూ లేదు, ఏమీ లేదు. ఉండిపో. రూము నీదే. కానీ ఒకటి చెప్తా విను. ఇట్లాంటి పాడు పనులు ఇంగెప్పుడూ చెయ్యాకు. మనిషి నీతిగా బతకల్ల."

"సరేనమ్మా," అన్నాను.

ఆమె పోయాక ఆశ్రిత దగ్గరికొచ్చింది. "అక్కా, నిజంగా రూము కోసమే ఇచ్చినావా?" అని అడిగింది. ఆ పిల్ల నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అవునన్నాను. ఒకసారి అన్నాక అందరికీ ఒకేమాట చెప్పాలి.

పెట్టె లోపలికి లాక్కున్నాను. ఆ నలభై రూపాయలు ఎందుకిచ్చానో నాకొక్కదానికే తెలుసు. ఈ నాలుగు నెలల్లో నేను ఎవరి భయమూ లేకుండా, ఏమీ ఆశించకుండా చేసిన మంచి పని అదొక్కటే. దాన్ని నా నోటితోనే లంచం అనేసి, బదులుగా ఒక మంచం, ఒక కర్టెను తీసుకున్నాను. మా అమ్మ బతికుండి ఇది తెలిస్తే ఏమనేదో.

గొళ్లెం పెట్టాను. కోటు విప్పకుండానే పడుకున్నాను. సిగ్గుతో నిద్ర పట్టదేమో అనుకున్నాను. పట్టింది.